ముందు పొరకు పేరు పెట్టండి

ఫోనులో పటం తెరిచి మీ ఊరి కోసం ఎప్పుడైనా వెతికారా? మా కొత్తవలస కోసం వెతికితే ఉపగ్రహం తీసిన ఫోటోలో ఇళ్ళు, పొలాలు, చెరువులు కనిపిస్తాయి. పక్కనున్న గుర్తును నొక్కితే వాటిమీద రోడ్లు, ఊళ్ళ పేర్లు వచ్చి నిలుస్తాయి. మళ్ళీ నొక్కితే పోతాయి. కింది ఫోటో మాత్రం చెక్కుచెదరదు. ఎందుకంటే అక్కడున్నది ఒకే బొమ్మ కాదు. గాజుపలకల మీద విడివిడిగా గీసి, ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే కొన్ని బొమ్మలు అవి. అటువంటి ఒక్కొక్క పలకను ఒక పొర అంటారు.

ఇస్రోకు చెందిన జాతీయ దూర సంవేదన కేంద్రం హైదరాబాదులో ఉంది. ఆ సంస్థ 2009లో ‘భువన్’ అనే పేరుతో మన దేశపు పటాలను అందరూ చూసేలా వెబ్బులో పెట్టింది. భూమి వినియోగం, నీటి వనరులు, వరద ముంపు వంటివి అందులో వేరువేరు పొరలుగా ఉంటాయి. మనకు కావలసిన పొరను వేసుకోవచ్చు, అక్కరలేనిదాన్ని తీసేయవచ్చు.

వెబ్ పేజీలో ఇలా పొరలను చూపించడం, దాచడం, జరపడం జావాస్క్రిప్టు అనే భాషలో రాసిన ఆదేశాల పని. మీలో చాలామంది ఈ భాష పేరు వినే ఉంటారు. కొందరు నాలుగు పంక్తులు రాసి కూడా ఉంటారు. మీకు నేను చెప్పదలచినది ఒకే ఒక మాట. ఆదేశాలు రాయడం మొదలుపెట్టకముందే ప్రతి పొరనూ ఒక వస్తువుగా గుర్తించండి. దానికి పేరు పెట్టండి. దాని లక్షణాలు, అది చేయగల పనులు ఒక్కచోట రాసుకోండి. కంప్యూటరు పాఠంలో మొదట నేర్పవలసింది ఇదేనని నా అభిప్రాయం. ఆదేశాల జాబితాను బట్టీపట్టించడంతో పాఠం మొదలైతే, పిల్లలకు భాష వచ్చినట్లు కనిపిస్తుందే గాని ఆలోచన రాదు.

ట్రేసింగు కాగితంతో మొదలుపెడదాం

ఈ పాఠానికి కంప్యూటరు లేకపోయినా ఫరవాలేదు. నాలుగు ట్రేసింగు కాగితాలు తీసుకోండి. నాలుగింటికీ ఒకే మూలలో ఒక చుక్క పెట్టండి. మన జిల్లాల అట్లాసు చూసి మొదటి కాగితం మీద కొండలు గీయండి. రెండవదాని మీద నదులు, గెడ్డలు. మూడవదాని మీద రైలుదారులు. నాలుగవదాని మీద ఊళ్ళ పేర్లు.

ఇప్పుడు రైలుదారి కాగితం ఒక్కటే చూడండి. హౌరా నుంచి చెన్నై పోయే ప్రధాన మార్గంలో కొత్తవలస దగ్గర ఒక దారి చీలుతుంది. అది శృంగవరపుకోట, బొర్రా గుహలు, అరకు మీదుగా సాగి, ఒడిశా దాటి ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ చేరుతుంది. బైలాడిలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు తేవడానికి 1960లలో వేసిన దారి ఇది. శృంగవరపుకోట దాటిన కొంతసేపటికి ఆ గీత పాములా మెలికలు తిరుగుతుంది. ఎందుకు? ఈ కాగితాన్ని ఎంతసేపు చూసినా జవాబు దొరకదు.

దాని కింద కొండల కాగితం పెట్టండి. వెంటనే తెలిసిపోతుంది. ఆ గీత తూర్పు కనుమలను ఎక్కుతోంది. రైలు నిటారుగా కొండ ఎక్కలేదు. అందుచేత వాలును చుట్టుకుంటూ, కొన్నిచోట్ల సొరంగాలలో దూరుతూ మెల్లగా పైకి పోతుంది. ఇప్పుడు కొండల కాగితం అలాగే ఉంచి, రైలుదారి తీసి నదుల కాగితం వేయండి. గోస్తనీ నది అదే కొండలలో పుట్టి, తాటిపూడి జలాశయం మీదుగా భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలవడం కనిపిస్తుంది. నాలుగు కాగితాలూ ఒకేసారి పేర్చితే మాత్రం అంతా గజిబిజి. ఏ ప్రశ్నకు ఏ పొరలు కావాలో తేల్చుకోవడమే ఇక్కడి అసలు పని. ఆ పని చేయవలసింది మీరు. కంప్యూటరు దాన్ని అమలు మాత్రమే చేస్తుంది.

పొర గురించి తెలియవలసిన నాలుగు సంగతులు

ఈ కాగితాలనే వెబ్ పేజీలోకి తెచ్చామనుకుందాం. ఒక పొరను అదుపులో పెట్టుకోవడానికి ముఖ్యంగా నాలుగు సంగతులు తెలిస్తే చాలు. ఎడమ అంచు నుంచి ఎంత దూరం? పై అంచు నుంచి ఎంత దూరం? పేర్పులో ఎన్నవ అంతస్తు? ఇప్పుడు కనిపిస్తోందా, లేదా?

లెక్కల పుస్తకంలోని గ్రాఫులో మూలబిందువు నుంచి పైకి పోయేకొద్దీ విలువ పెరుగుతుంది కదా. కంప్యూటరు తెరమీద అలా కాదు. మూలబిందువు ఎడమవైపు పైమూలలో ఉంటుంది. కిందికి దిగేకొద్దీ విలువ పెరుగుతుంది. ఇది గుర్తుంచుకోకపోతే పైకి పోవలసిన బొమ్మ కిందికి దిగుతుంది.

అంతస్తును తెలిపే సంఖ్యను జెడ్-ఇండెక్స్ అంటారు. గ్రాఫులో ఎక్స్, వై అక్షాలు కాగితం మీద ఉంటే, జెడ్ అక్షం కాగితంలోంచి మీ ముఖం వైపు వస్తుంది. సంఖ్య పెద్దదైన పొర పైన ఉంటుంది. అయితే ఒక నియమం ఉంది. మామూలుగా పేజీలో రాతలు, బొమ్మలు ఒకదాని కింద ఒకటి వరుసగా వస్తాయి. ఆ వరుసలోనే ఉన్నదానికి సాధారణంగా ఈ సంఖ్య పనిచేయదు. ‘నీ స్థానం నేను చెబుతాను’ అని ముందుగా పొజిషన్ అనే లక్షణం ద్వారా దానికి తెలియజేయాలి.

పదహారు ఆదేశాల లెక్క

ఇప్పుడు పేజీలో నాలుగు బటన్లు పెడదాం. కొండల బటను నొక్కితే కొండలు మాత్రమే కనిపించాలి, మిగిలినవి దాగాలి. తక్కిన మూడు బటన్లూ అంతే. తొందరపడి రాసేవారు ఏం చేస్తారంటే, ఒక్కొక్క బటను కింద నాలుగేసి ఆదేశాలు రాస్తారు: ఇది చూపు, అది దాచు, అది దాచు, అది దాచు. నాలుగు నాలుగులు పదహారు ఆదేశాలు. పని జరుగుతుంది.

మరునాడు చెరువుల పొర కూడా కావాలనిపిస్తుంది. అయిదు పొరలు, అయిదు బటన్లు. అయిదైదులు ఇరవై అయిదు. కొత్తగా తొమ్మిది ఆదేశాలు రాయాలి. అందులో నాలుగు పాత బటన్ల కింద వెతికి వెతికి చేర్చాలి. ఒక్కచోట మరిచిపోయినా కొండలను చూపించమంటే కొండలతోపాటు చెరువులూ కనిపిస్తాయి. పది పొరలైతే వంద ఆదేశాలు. పొరలు పెరిగిన లెక్కన కాక, దాని వర్గం లెక్కన శ్రమ పెరుగుతోందన్నమాట. సైన్సు చదివే మీకు ఈ లెక్క ప్రమాదాన్ని సూచించాలి.

ఇంతకీ లోపం ఎక్కడుంది? ఆదేశాలన్నీ బటన్ల దగ్గర ఉన్నాయి. పొర అనేదానికి ప్రోగ్రాములో ఉనికే లేదు.

వస్తువు చేసే మేలు

జావాస్క్రిప్టులో వస్తువును తయారుచేయడం చాలా తేలిక. ఒక పేరు, దాని కింద లక్షణాలు, ఆ తరువాత పనులు. ఇంకో మంచి సంగతి చెబుతాను. ఆ భాషలోని ముఖ్యపదాలు ఇంగ్లీషువే అయినా, మనం పెట్టుకొనే పేర్లు తెలుగులో రాసినా అది ఒప్పుకుంటుంది. కనుక మూడవ కాగితాన్ని ఇలా రాసుకోవచ్చు. వస్తువు పేరు: రైలుదారి. లక్షణాలు: ఎడమ 40, పైన 25, అంతస్తు 3, కనిపిస్తోంది అవును. పనులు: చూపు, దాచు, జరుపు. ఆ తరువాత దాన్ని దాచాలంటే,

రైలుదారి.దాచు()

అని రాస్తే చాలు. నడుమనున్న చుక్కను ‘యొక్క’ అని చదువుకోండి. చివరి కుండలీకరణాలు ‘ఆ పని ఇప్పుడు చెయ్యి’ అని చెబుతాయి.

అన్ని పొరలనూ ఒక జాబితాలో పెట్టి, ఒకే నియమం రాయండి: ‘జాబితాలోని పొరలన్నింటినీ దాచు, అడిగినదాన్ని చూపు’. బటన్లన్నీ ఆ ఒక్క నియమాన్నే పిలుస్తాయి. అయిదవ పొర వచ్చినప్పుడు అయిదవ వస్తువును జాబితాలో చేర్చి, దానికొక బటను పెడితే సరి. పాత బటన్లను ముట్టుకోనక్కరలేదు.

మరొక లాభం చూడండి. ఎడమ 40 అంటే నలభై ఏమిటి? భౌతికశాస్త్రం పరీక్షలో ప్రమాణం రాయకపోతే మార్కు తగ్గిస్తాం కదా. బ్రౌజరు ఇంకా ఖచ్చితమైనది. ప్రమాణం లేని 40ని అది అసలు పట్టించుకోదు, పొర ఉన్నచోటు నుంచి కదలదు. 40 పిక్సెళ్ళు అని చెప్పాలి. ప్రతి చోటా పిక్సెళ్ళు అని రాయడం కంటే ‘జరుపు’ అనే పని లోపల ఒక్కసారి రాస్తే ఆ బాధ తీరిపోతుంది.

అయితే ఒక క్రమశిక్షణ పాటించాలి. పొరను ఎప్పుడు కదిలించినా వస్తువు ద్వారానే కదిలించాలి. మరో మూలనుంచి ఎవరైనా సూటిగా పేజీలోని బొమ్మను దాచేశారనుకోండి. వస్తువు లక్షణాలలో ‘కనిపిస్తోంది అవును’ అనే ఉంటుంది, తెరమీద మాత్రం కనిపించదు. హాజరుపట్టీలో పేరు ఉండి పిల్లవాడు క్లాసులో లేనట్లే. అటువంటి పట్టీని నమ్మి చేసిన లెక్కలన్నీ తప్పుతాయి.

1997లో జరిగిన గొడవ

ఈ పద్ధతి విలువ ఎంతో తెలియాలంటే కొంచెం చరిత్ర చూడాలి. జావాస్క్రిప్టును 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ రూపొందించాడు. 1997లో ఆ కంపెనీ విడుదల చేసిన నాలుగవ బ్రౌజరులో పొరల కోసం ‘లేయర్’ అనే ప్రత్యేకమైన ట్యాగును ప్రవేశపెట్టింది. అదే సంవత్సరం మైక్రోసాఫ్ట్ తన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు నాలుగవ రూపాన్ని తెచ్చింది. అందులో పొరలను పిలిచే పద్ధతి పూర్తిగా వేరు. ఒకదానిలో పొరల పట్టిక పేరు ‘డాక్యుమెంట్ లేయర్స్’, మరొకదానిలో ‘డాక్యుమెంట్ ఆల్’. దాచడానికి నెట్‌స్కేప్‌ది ‘హైడ్’ అనే మాట, ఎక్స్‌ప్లోరరుది ‘హిడెన్’ అనే మాట. ఒకరి భాష మరొకరికి తెలియదు.

పేజీలు రాసేవారు ఇబ్బందిలో పడ్డారు. చాలామంది ప్రతి ఆదేశాన్నీ రెండుసార్లు రాశారు: ఈ బ్రౌజరు అయితే ఇలా, ఆ బ్రౌజరు అయితే అలా. కొందరు ఒకదాన్ని ఎంచుకొని, రెండవది వాడేవారిని వదిలేశారు. ఆ పేజీలు తెరిచినవారిలో కొందరికి ఖాళీ స్థలమే కనిపించేది. ముందుచూపున్నవారు మాత్రం పొర కోసం సొంతంగా ఒక వస్తువును తయారుచేసుకున్నారు. దానికి చూపు, దాచు, జరుపు అనే పనులు పెట్టారు. బ్రౌజర్ల తేడా అంతా ఆ వస్తువు కడుపులో దాచారు. పేజీలో మిగతా భాగమంతా ‘దాచు’ అని అడుగుతుంది. ఎలా దాచాలన్నది వస్తువు చూసుకుంటుంది.

1998 అక్టోబరులో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం అనే ప్రమాణాల సంస్థ పేజీలోని భాగాలను ఎలా పిలవాలో తెలిపే మొదటి ప్రమాణాన్ని ప్రకటించింది. ఒక్కొక్క భాగానికి ఒక గుర్తింపు పేరు ఇచ్చి, ‘గెట్ ఎలిమెంట్ బై ఐడి’ అనే పిలుపుతో దాన్ని పట్టుకోవచ్చునన్నది అందులోనిదే. 2000లో వచ్చిన నెట్‌స్కేప్ ఆరవ బ్రౌజరు తన పాత లేయర్ పద్ధతిని పూర్తిగా వదిలిపెట్టింది. పాత ఆదేశాలను పేజీల నిండా చల్లినవారు అన్నీ తిరగరాసుకోవలసివచ్చింది. వస్తువులు చేసుకున్నవారు ఆ వస్తువు లోపల నాలుగు పంక్తులు మార్చి ఊపిరి పీల్చుకున్నారు.

ఇందులో వింత ఏమీ లేదు. మా జంక్షనులాంటి స్టేషన్లలో ఒకప్పుడు కేబినులో పెద్ద లివర్లు లాగి పట్టాలు మార్చేవారు. తరువాత తరువాత ప్యానెలు మీద బటను నొక్కితే మోటారు ఆ పని చేయడం వచ్చింది. లోపలి యంత్రం మారింది. ‘ఈ బండికి అరకు దారి ఇవ్వండి’ అనే మాట మారలేదు. మాట ఒకటిగా ఉండి యంత్రం మారగలగడమే మంచి ఏర్పాటుకు గుర్తు. 2006లో వచ్చిన ఓపెన్ లేయర్స్, 2011లో వచ్చిన లీఫ్‌లెట్ వంటి ఉచిత పటాల సాధనాలలో కూడా పొర అంటే ఒక వస్తువే.

దాచినది పోయినట్టు కాదు

ఇక్కడ ఒక హెచ్చరిక. పొరను దాచడానికి రెండు పద్ధతులున్నాయి. విజిబిలిటీ అనే లక్షణంతో దాచితే పొర కనిపించదు గాని దాని చోటు దానికే ఉంటుంది. సెలవు పెట్టిన పిల్లవాడి స్థలం బెంచీమీద ఖాళీగా ఉన్నట్లు. డిస్‌ప్లే అనే లక్షణంతో తీసేస్తే చోటు కూడా పోతుంది; పక్కవాళ్ళు జరిగి కూర్చుంటారు. ఏది కావాలో ఆలోచించి ఎంచుకోవాలి.

రెండింటిలో ఏ పద్ధతిలో దాచినా, దాచిన విషయం పేజీతోపాటు చదివేవారి కంప్యూటరులోకి వచ్చేసింది. పేజీ మూలాన్ని తెరవడం తెలిసిన ఎవరైనా దాన్ని చదవగలరు. కనుక క్విజ్ పేజీ తయారుచేసి జవాబులను దాచిన పొరలో పెడితే, అవి రహస్యమని భ్రమపడకండి. ఆటకైతే ఫరవాలేదు. ఎవరి ఫోను నంబరో, మార్కులో, రహస్యపదమో అలా దాచడం తలుపుకు తాళం వేయక తెర కట్టినట్లే.

‘ఇదంతా ఇప్పుడెందుకు?’

నా మాటకు ఎదురుచెప్పేవారు ఉన్నారు. వారి వాదనలలో మొదటిది: ‘ఇప్పుడు కృత్రిమ మేధను అడిగితే కోడు అదే రాసి ఇస్తుంది. పిల్లలకు ఈ శ్రమ ఎందుకు?’ నిజమే, రాసి ఇస్తుంది. కాని మీరు ‘బటను నొక్కితే ఇది దాచు, అది చూపు’ అని విడివిడిగా అడుగుతూ పోతే, అది పదహారు ఆదేశాలనే మరింత వేగంగా రాసి ఇవ్వవచ్చు. పొరలు ఎన్ని, వాటి పేర్లేమిటి, ఏది దేనిపైన ఉండాలి అన్నవి అడిగేవారికి తెలిసి ఉండాలి. వచ్చిన జవాబు సరిగా ఉందో లేదో చెప్పడానికీ అదే తెలివి కావాలి.

రెండవది: ‘ఇది పరీక్షలో రాదు.’ రాకపోవచ్చు. కాని ఒక వస్తువును గుర్తించి, దాని లక్షణాలను, అది చేసే పనులను వేరుచేసి రాయడం సైన్సులో ప్రతి పాఠమూ కోరే పనే. మూలకాల పట్టికలో ఒక్కొక్క మూలకానికి సంకేతం, పరమాణు సంఖ్య, ధర్మాలు ఒక్క గడిలో రాసుకోవడం అందుకే కదా.

మూడవది: ‘మా బడిలో ఉన్న కంప్యూటర్లు చాలవు.’ ఇది బలమైన వాదన. అయినా సగం పాఠం ట్రేసింగు కాగితం మీదే అయిపోతుందని పైన చూశాం. కాగితం మీద స్పష్టంగా రాసుకొని వచ్చిన పిల్లకు కంప్యూటరు దగ్గర పావుగంట దొరికినా చాలు. రాసుకోనివారికి రోజంతా ఇచ్చినా తడబాటే.

మన జిల్లాలకు ఇది ఇంకా ముఖ్యం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో పలాస వైపు తీరాన్ని తాకింది. అటువంటి రోజున ఒక ఊరి పటం తెరిచినవారికి ముంపు ప్రాంతాలు, రోడ్లు, తుపాను ఆశ్రయ భవనాలు కావాలి. ముంపు పొర నీలిరంగు వచ్చి ఆశ్రయ భవనాల పొరను కప్పేసిందనుకోండి. లేదా ఖరీదైన ఫోనులో కనిపించిన పొర పాత ఫోనులో కనిపించలేదనుకోండి. పటం ఉండీ లేనట్లే. అంతస్తు సంఖ్య ఒకటి తప్పితే ఏమవుతుందిలే అనుకోవడానికి వీల్లేదు. ఆ పటాలను రేపు తయారుచేసేవారు ఎక్కడో పెద్ద నగరాలలోనే పుట్టాలన్న నియమం లేదు. ఏ గెడ్డ పొంగితే ఏ దారి తెగుతుందో తెలిసినవారు మన ఊళ్ళలోనే ఉన్నారు.

కాబట్టి ఈ నెలలో ఒక పని చేయండి. నలుగురు కలిసి మీ ఊరికి నాలుగు పొరలు గీయండి. ఒక్కొక్క పొర వెనుక దాని పేరు, ఎడమ, పైన, అంతస్తు, కనిపిస్తోందా అనే లక్షణాలు, అది చేయవలసిన పనులు రాయండి. ఆ తరువాత అయిదవ పొర ఏది కావాలో మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. ఎండిపోయిన పాత చెరువులా? వాన పడితే నీరు నిలిచే వీధులా? మంచినీటి బావులా? ఆ కొత్త పొరను చేర్చేటప్పుడు పాత నాలుగు కాగితాల వెనుక రాసినదాంట్లో ఒక్క అక్షరం కూడా మార్చవలసిన అవసరం రాకపోతే, మీ ఏర్పాటు సరైనదే. మార్చవలసివస్తే ఎందుకు వచ్చిందో నలుగురూ కూర్చుని తేల్చండి. కంప్యూటరు గదిలోకి ఆ కాగితాలు పట్టుకొని వెళ్ళండి.